హెడేక్ రాక్: మెరుపు పోయింది, కడ్డీ మిగిలింది

ఈ అల్యూమినియం హెడేక్ రాక్ (ట్రక్కు క్యాబ్ వెనక నిలువుగా బిగించే చట్రం, దానికి గొలుసుల కొక్కేలూ, క్యాబ్‌ను కాపాడే పలకా ఉంటాయి) బిగించుకున్న కొత్తలో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ దీని గొప్ప చెప్పాను. మెరుపు బాగుందన్నాను, లైట్లు బాగున్నాయన్నాను, క్యాబ్ వెనక ఇంత చోటుందని ఇప్పుడే తెలిసిందన్నాను. కొన్ని చలికాలాలు ఉప్పునీళ్ళలో తడిశాక ఆ మెప్పులో చాలా భాగం తగ్గించుకోవలసి వచ్చింది. తగ్గించనిది ఒక్కటే. గొలుసులు వేలాడే కొక్కేల మీదుగా అడ్డంగా వాలి, అవతలి చివర పిన్నుతో బిగిసే ఇనుప కడ్డీ.

కొలతలు, బరువు, పెట్టెల సంఖ్య అమ్మేవాళ్ళ పేజీలోనే ఉంటాయి కనుక వాటి జోలికి పోను. నేను అమెరికాలో ఫ్లాట్‌బెడ్ (గోడలూ పైకప్పూ లేని ట్రైలర్‌ను లాగే ట్రక్కు) నడుపుతాను. తిరిగేది ఎక్కువగా పశ్చిమ రాష్ట్రాల్లో, మోసేది ఎక్కువగా యంత్రాలు. సరుకు కట్టే గొలుసులూ, వాటిని బిగించే బైండర్లూ లేకపోతే నాకు పని లేదు. అవి ఉండేది క్యాబ్ బయట, నా వీపు వెనక, గాలికీ వానకీ మంచుకీ. కాబట్టి రాక్ గురించి నాకున్న ప్రశ్న ఒకటే: అక్కడ పెట్టింది అక్కడే ఉంటుందా?

కొక్కెం ఒక్కటే అయితే ఉండదు. కొక్కెం పనిచేసేది వేలాడే వస్తువు బరువు మీదనే. 3/8 అంగుళం మందం, గ్రేడ్ 70 (గొలుసు బలాన్ని చెప్పే తరగతి), 20 అడుగుల పొడవున్న గొలుసు సుమారు 30 పౌండ్లు తూగుతుంది. ఆగి ఉన్న ట్రక్కులో ఆ బరువు చాలు. హైవే వేగంలో వంతెన అతుకు మీద చక్రం పడి లేచినప్పుడు మాత్రం ఆ గొలుసు ఒక్క క్షణం తేలిపోతుంది, కొక్కెం మూతి దాకా ఎక్కుతుంది. అలా ఎక్కింది మళ్ళీ లోపలికే పడుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. 30 పౌండ్ల ఉక్కు రోడ్డు మీద పడితే వెనక వచ్చే కారుకు తప్పుకునే వ్యవధి ఉండదు. కడ్డీ చేసేదల్లా ఆ దారి మూసేయడమే. గొలుసు ఎంత ఎగిరినా కడ్డీ దాకా వచ్చి ఆగుతుంది.

సరుకు బిగింపు నియమాలు అనగానే ఇక్కడ అందరూ సమాఖ్య నిబంధనల్లో 393వ భాగాన్ని తలుచుకుంటారు. బిగింపు ముందువైపుకు 0.8 జి, వెనక్కి 0.5 జి, పక్కలకు 0.5 జి (జి అంటే భూమ్యాకర్షణ వల్ల కలిగే త్వరణం) తట్టుకోవాలన్నది అక్కడిదే. 2004 జనవరి 1 నుంచి అందరూ పాటించవలసిన లెక్క అది. క్యాబ్ బయటి సామానుకు నేరుగా తగిలేది మాత్రం 392.9 అనే నియమం. సరుకును సరిగ్గా సర్ది, తగినంత బిగించాలని చెప్పాక, ట్రక్కు వెనక తలుపులు, టార్పాలిన్లు, అదనపు టైరు, వాహనం నడపడంలో వాడే ఇతర పరికరాలు, చివరికి సరుకు కట్టే సాధనాలు కూడా కదలకుండా ఉండాలని అది చెబుతుంది. పనిలో ఉన్న గొలుసుకు ఎంత నియమం ఉందో, పని లేక వేలాడుతున్న గొలుసుకూ అంత ఉందన్నమాట. అయితే ఆ సామానును ఎన్ని కట్లతో, ఎంత బలంతో పట్టి ఉంచాలో అందులో అంకెలు లేవు. అందుకని సరుకు లెక్కల్లోంచే ఒకటి అరువు తెచ్చుకున్నాను. వాహనం నిర్మాణంలో పూర్తిగా ఇమడని సరుకును దాని బరువులో కనీసం 20 శాతం బలంతో కిందికి నొక్కి పట్టాలని 393.102 అంటుంది. 30 పౌండ్ల గొలుసుకు అది 6 పౌండ్లు. ఉత్త కొక్కెం నొక్కి పట్టేది సున్నా. ఈ లెక్క రాసింది సరుకు కోసమని నాకు తెలుసు. నా వీపు వెనకున్న ఉక్కుకు అంతకంటే తక్కువ చాలనుకోవడానికి నాకు కారణం కనిపించలేదు.

ఒకసారి వయోమింగ్‌లో తనిఖీకి ఆపారు. ట్రైలర్ మీద ఎక్స్‌కవేటర్ ఉంది. 10,000 పౌండ్లూ ఆపైన ఉండే యంత్రానికి కనీసం నాలుగు కట్లు పడాలి, దాని చెయ్యి కిందికి దించి విడిగా కట్టాలి. అన్నీ ఉన్నాయి. తనిఖీ అధికారి వాటి చుట్టూ ఒక చుట్టు తిరిగి, క్యాబ్ వెనక మెట్టెక్కి రాక్ దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాడు. ఒక గొలుసును చేత్తో పైకి ఎత్తి చూశాడు. అది కడ్డీకి తగిలి ఆగింది. పిన్ను లాగి చూశాడు, దిగిపోయాడు. పక్క వరుసలో ఆగిన ట్రక్కుకు క్యాబ్ వెనకున్న డెక్ ప్లేటు మీద బైండర్లు ఊరికే పడేసి ఉన్నాయి. ఆ డ్రైవరుకు ఉల్లంఘన కాగితం రాస్తున్నారు. ఆ రోజు నుంచి ఈ రాక్ మీద నా ప్రేమ రెట్టింపయింది, అతిగా చెప్పుకోవడం కూడా అప్పుడే ఇంకా పెరిగింది.

ఇక ఇది నన్ను ఇబ్బంది పెట్టిన సంగతి.

ఐ-80 హైవే మీద లారమీ నుంచి రాలిన్స్ వైపు పోతున్నాను. ఎల్క్ మౌంటెన్ దగ్గర గాలి ఎలా ఉంటుందో ఆ దారిన పోయినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. చలికాలంలో ఆ గాలి నేల మీది మంచును లేపి రోడ్డుకు అడ్డంగా తోలుతుంది. బయలుదేరిన మొదటి 50 మైళ్ళలోపు ఒకసారి, ఆ తర్వాత 3 గంటలకో 150 మైళ్ళకో, డ్రైవరు విధి స్థితి (డ్యూటీలోంచి విశ్రాంతిలోకి లాంటిది) మారినప్పుడో, ఏది ముందొస్తే అప్పుడు సరుకు మళ్ళీ చూసుకోవాలన్నది నియమం. ఆ ఆగుడులో చాలామంది ట్రైలర్ చుట్టూ తిరిగి కట్లు తట్టి వచ్చేస్తారు. నేను రాక్‌తో మొదలుపెడతాను, దిగగానే ఎదురుగా ఉండేది అదే కనుక.

రాక్ మధ్య స్తంభం వెనక్కి వాలి ఉంది. మొదట నా కళ్ళే తప్పనుకున్నాను. దగ్గరికి పోతే స్తంభం అడుగున వెల్డింగు మూడు పక్కలా చీలిపోయి కనిపించింది, నాలుగో పక్క పట్టుకుని వేలాడుతోంది. దాని మీది కొక్కేల వరుస మొత్తం ట్రైలర్ వైపు ఒరిగింది. ఒరగడంతో గొలుసుల తోకలు పోయి ఎర్ర గాలిగొట్టం మీద ఆనుకున్నాయి. ట్రక్కు అదిరినప్పుడల్లా అవి దాన్ని రాస్తూ వచ్చాయి. పై రబ్బరు పోయి లోపలి అల్లిక బయటపడింది. ట్రైలరుకు గాలి అందించేది ఆ గొట్టమే. అది పగిలితే ట్రాక్టర్ (ట్రైలర్‌ను లాగే ముందు బండి) వైపు రక్షణ కవాటం మూసుకుంటుంది, ట్రైలర్ స్ప్రింగు బ్రేకులు వాటంతటవే పడిపోతాయి. పల్చగా మంచు పేరుకున్న రోడ్డు మీద, పక్కనుంచి గాలి తోస్తుండగా, నేను అడగకుండా బ్రేకులు పడటం అన్న ఊహే చాలు నిద్ర పట్టకపోవడానికి. గాలిగొట్టాలు దేనికీ రాసుకోకుండా భద్రంగా ఉండాలని 393.45 ఊరికే చెప్పలేదు.

అయినా ఒక్క గొలుసు కూడా కొక్కెం దిగలేదు. స్తంభం ఒరిగింది, కడ్డీ విల్లులా వంగింది, పిన్ను మాత్రం దాని బెజ్జంలో అలాగే ఉంది. వరుస మొత్తం వేలాడుతున్నా గొలుసులన్నీ కడ్డీ కిందే ఉన్నాయి. ఆ కడ్డీ లేకపోతే వాటిలో కొన్ని ఏ మైలురాయి దగ్గర పడి ఉండేవో.

దాన్ని పట్టి ఉంచిన పిన్నే ఆ తర్వాత నన్ను ఏడిపించింది. గడ్డకట్టుకుపోయి ఎంత లాగినా రాలేదు. మంచు కరిగించే ద్రవం పోసి, సుత్తితో తట్టి, చేతులు మొద్దుబారి, మళ్ళీ పోసి, చివరికి ఊడదీశాను. గొలుసులన్నీ ట్రైలర్ కింది పెట్టెలోకి చేర్చాను, స్తంభాన్ని రాచెట్ పట్టీతో కట్టి నిలబెట్టాను, దగ్గరున్న అదనపు గొట్టం మార్చుకున్నాను. చలికాలం వాడుకకు అమ్మే వస్తువులో నీళ్ళు నిలిచే బెజ్జం పెట్టి అందులో పిన్ను దూర్చినవాళ్ళు, చేతికి తొడుగులతో ఒకసారి దాన్ని తీసి చూసి ఉంటే బాగుండేది.

వెల్డింగు ఎందుకు చీలిందో తర్వాత విప్పి చూస్తే అర్థమైంది. అల్యూమినియం స్తంభం ఉక్కు బ్రాకెట్ మీద నేరుగా కూర్చుంది, మధ్యలో ఏ పొరా లేదు. ఈ రాష్ట్రాల్లో రోడ్ల మీద చల్లే మెగ్నీషియం క్లోరైడు ద్రవం ఆ సందులో చేరితే రెండు లోహాల మధ్య బ్యాటరీలాంటి చర్య మొదలవుతుంది, అందులో అరిగిపోయేది అల్యూమినియమే. అడుగు నిండా తెల్ల పొడి పేరుకుంది, బోల్టు బెజ్జాలు వెడల్పయ్యాయి. బెజ్జం వదులైతే స్తంభం ఊగుతుంది, ఊగినదల్లా వెల్డింగు మీద పడుతుంది. వెల్డింగు వేడికి దాని చుట్టూ ఉన్న అల్యూమినియం అప్పటికే మెత్తబడి ఉంటుంది. ఉక్కులో లేని ఈ బలహీనత అమ్మకం కాగితంలో కనిపించదు, అందులో బరువు తక్కువన్న సంగతే ఉంటుంది.

తయారీదారు ఫోటోలు చూసి కొత్త స్తంభం ఉచితంగానే పంపాడు, అడుగు ప్లేటుకు మాత్రం డబ్బు తీసుకున్నాడు. వాడుక వల్ల పాడయిందట. వాడటానికే కదా కొన్నది! ఈసారి స్తంభానికీ బ్రాకెట్‌కూ మధ్య నైలాన్ పొర వేయించి, బోల్టులకు ప్లాస్టిక్ తొడుగులు పెట్టించాను. బ్రాకెట్ కోసం ఛాసిస్ పట్టాల (ట్రక్కు పొడవునా ఉండే ఉక్కు దూలాల) పైఅంచునో కింది అంచునో తొలుస్తామని ఏ షాపువాళ్ళయినా అంటే బండి అక్కడినుంచి తీసుకుపోండి. తయారీ కంపెనీలు అక్కడ రంధ్రాలు వద్దంటాయి, బిగుసుకునే క్లాంపులతో పని జరుపుకోవచ్చు.

కడ్డీకి ఇంకో లోపముంది, ఇది సగం ఖాళీ రాక్‌లోనే బయటపడుతుంది. కడ్డీ ఎత్తు స్థిరం. కొక్కేలు నిండుగా ఉంటే అది గొలుసులను తాకుతూ కూర్చుంటుంది, చప్పుడే రాదు. సగం గొలుసులు సరుకు మీదికి పోయాక మిగిలినవాటికీ కడ్డీకీ మధ్య వేలెడు సందు వస్తుంది. అప్పుడు కడ్డీ గొలుసును పడనివ్వదు కానీ ఊగనిస్తుంది. నేను అరువు తెచ్చుకున్న ఆ 6 పౌండ్ల నొక్కుడు అప్పుడు ఉండదు. అందుకని కింద ఒక రబ్బరు పట్టీ కూడా వేస్తున్నాను. పైన కడ్డీ పట్టుకోవాలి, కింద పట్టీ ఊగకుండా ఆపాలి. రబ్బరుదే పూర్తి భారం అనుకుంటే మాత్రం ప్రమాదం, దాని మీద పని భారం పరిమితి (ఎంత బరువు వరకు వాడవచ్చో చెప్పే) ముద్ర ఉండదు. కొనేటప్పుడు రకం చూసుకోవాలి. ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరు ఎండకు తట్టుకుంటుంది, గడ్డకట్టే చలిలో సహజ రబ్బరే మెత్తగా ఉంటుంది. నేను రెండూ ఉంచుకుని కాలాన్ని బట్టి మారుస్తాను.

మంచు గొలుసులు (మంచులో జారకుండా టైర్లకు చుట్టేవి) కూడా ఇక్కడే వేలాడదీయవచ్చని అమ్మేటప్పుడు చెప్పారు. కొలరాడోలో ఐ-70 మీద 133వ మైలు నుంచి 259వ మైలు దాకా సెప్టెంబరు 1 నుంచి మే 31 వరకు పెద్ద ట్రక్కులు వాటిని వెంట ఉంచుకోవలసిందే కాబట్టి, ఏడాదిలో ఎక్కువ కాలం అవి క్యాబ్ బయటే బతుకుతాయి. ఈ కొక్కేలు వాటికి సరిపోవు. అడ్డ గొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుంటాయి, కడ్డీ పూర్తిగా కిందికి దిగదు. వాటికి ఛాసిస్ పక్కన విడిగా హ్యాంగర్లు వేయించుకున్నాను.

క్యాబ్‌ను కాపాడే పలక సంగతి. సరుకు ముందుకు దూసుకొస్తే ఇది ఆపుతుందని నేనూ కొన్నాళ్ళు ధీమాగా చెప్పాను. 393.114 బలం లెక్కలు సరుకు ఆనుకుని ఉండే, ట్రైలర్ ముందు గోడకు వర్తిస్తాయి, ట్రాక్టరుకు బిగించిన ఈ పలకకు కాదు. నా రాక్‌తో వచ్చిన కాగితంలో కూడా ఇది సరుకును ఆపడానికి తయారుచేసింది కాదని చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న రాయో ఊడిన బైండరో తగలకుండా కాస్తుంది, అంతవరకే. ఎక్స్‌కవేటర్‌ను ఆపవలసింది ట్రైలర్ మీది గొలుసులే.

మెరుపు రెండో చలికాలానికే పోయింది. పాలిష్ చేసే ఓపిక ఉన్నవాళ్ళ దగ్గర ఉంటుందేమో.

మళ్ళీ కొంటానా అంటే, నేను యంత్రాలు మోస్తున్నంతకాలం, ట్రక్కు నాదై ఉన్నంతకాలం, కడ్డీ ఉన్న రాకే కొంటాను. అల్యూమినియంలోనే కొంటానని మాత్రం చెప్పలేను. ఎప్పుడూ పట్టీలతోనే పనిచేసేవాళ్ళకు, కట్టెలో పైపులో మోసేవాళ్ళకు, ట్రైలర్ కింద మూత పెట్టెలు చాలినన్ని ఉంటే ఈ ఖర్చు దండగ. పెట్టెలో పెట్టి తాళం వేసిన గొలుసు గురించి ఏ అధికారీ అడగడు. ఎండ రాష్ట్రాలు దాటనివాళ్ళకు నేను చెప్పిన తుప్పు కథలో సగం పట్టదు. కంపెనీ ట్రక్కు నడిపేవాళ్ళకు ఎంచుకునే వీలు ఎలాగూ ఉండదు, వాళ్ళు కనీసం స్తంభాల అడుగు వెల్డింగుల మీద వేలు పెట్టి చూసుకోవచ్చు. నా కొత్త స్తంభం అడుగున పాత నమూనా వెల్డింగే ఉంది. నైలాన్ పొర దాన్ని ఎంతకాలం కాపాడుతుందో ఈ చలికాలం చూసి, చీలితే ఉక్కు రాక్‌కు మారతాను.