సగం సీజన్ అవార్డుల ఆశ చూపి డబ్బు వసూలు చేసే లీగ్‌లు: సిమ్యులేషన్ బేస్‌బాల్ ఆడే తెలుగువారికి జాగ్రత్త హెచ్చరిక

అమెరికాలో ఉంటూ బేస్‌బాల్ మీద ఇష్టం పెంచుకుని, రుసుము కట్టి సిమ్యులేషన్ లీగ్‌లలో (పాచికలు లేదా కంప్యూటర్ ఫలితాన్ని తేల్చే ఊహా పోటీలలో) చేరిన లేదా చేరాలనుకుంటున్న తెలుగు మిత్రులందరికీ ఈ హెచ్చరిక. సీజన్ సగంలో ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు), సై యంగ్ (ఉత్తమ పిచర్, అంటే బంతి వేసేవాడు), ఉత్తమ రూకీ (కొత్త ఆటగాడు) అవార్డులకు నగదు బహుమతులు ఇస్తామని ప్రకటించే లీగ్‌కు డబ్బు పంపేముందు మూడు విషయాలు రాతపూర్వకంగా తీసుకోండి: ఎన్నో ఆట వరకు లెక్కలోకి తీసుకుంటారు, ఎవరు ఓటు వేస్తారు, ఒకసారి ఆడించిన ఆటను మళ్ళీ ఆడించే అధికారం ఎవరి చేతిలో ఉంటుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కదానికీ నియమం లేని లీగ్‌లో మేము కొంతమందిమి ఈ సీజన్‌లో డబ్బు పోగొట్టుకున్నాం. లీగ్ పేరు, నిర్వాహకుడి పేరు ఇక్కడ రాయడం లేదు. పేరు మార్చుకుని రేపు ఇంకో లీగ్ మొదలుపెట్టడం కష్టమేమీ కాదు కనుక, మీరు గుర్తుపట్టవలసింది పేరును కాదు, పద్ధతిని.

ఈ ఆటకు కొత్తవారి కోసం ముందుగా రెండు మాటలు. మామూలు ఫాంటసీ బేస్‌బాల్‌లో నిజమైన ఆటగాళ్ళు నిజమైన మైదానంలో చేసిన పరుగులు, హోమ్ రన్లు, స్ట్రైకౌట్లే మన జట్టు లెక్కలోకి వస్తాయి. 1980లో డేనియల్ ఓక్రెంట్, ఆయన మిత్రులు న్యూయార్క్‌లో మొదలుపెట్టిన రోటిసెరీ పద్ధతి అదే. ఆ పద్ధతిలో నిర్వాహకుడు అంకెలు మార్చాలన్నా మార్చలేడు, ఎందుకంటే మరునాటి పత్రికలో అందరికీ అవే అంకెలు కనిపిస్తాయి. సిమ్యులేషన్ లీగ్ అలాంటిది కాదు. హాల్ రిచ్‌మన్ 1961లో తెచ్చిన స్ట్రాట్-ఓ-మాటిక్‌లో ప్రతి ఆటగాడికి, అతని నిజమైన ఒక సీజన్ గణాంకాలతో చేసిన ఒక కార్డు ఉంటుంది. ఒక పాచిక మీద 1 నుంచి 3 వరకు పడితే హిట్టర్ కార్డు, 4 నుంచి 6 వరకు పడితే పిచర్ కార్డు చూస్తారు. మిగతా రెండు పాచికల మొత్తాన్ని బట్టి ఆ కార్డులో ఏ గడి చదవాలో తేలుతుంది. ఇప్పటి కంప్యూటర్ ఆటలలో పాచికల పని యాదృచ్ఛిక సంఖ్యలు చేస్తాయి. అవే జట్లను, అవే కార్డులను పెట్టి ఒకే ఆటను రెండుసార్లు ఆడిస్తే రెండు వేర్వేరు ఫలితాలు రావచ్చు. మా లీగ్‌లో జరిగిన మోసమంతా ఈ ఒక్క సంగతి మీదే ఆధారపడింది.

సగం సీజన్ అవార్డుల విషయంలో ఇంకొకటి గమనించాలి. మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో అధికారికంగా అలాంటి అవార్డులు లేవు. జూలైలో ఆల్‌స్టార్ ఆట జరుగుతుంది, ఆ ఆటలో ఉత్తమ ఆటగాడికి బహుమతి ఇస్తారు, ఆ రోజుల్లో పత్రికలవాళ్ళు సరదాగా తమ తమ జాబితాలు రాస్తారు. కానీ ఎంవీపీ, సై యంగ్, రూకీ అవార్డులకు బేస్‌బాల్ రచయితల సంఘం సభ్యులు ఓటు వేసేది 162 ఆటల సీజన్ మొత్తం ముగిశాకే. కాబట్టి సిమ్యులేషన్ లీగ్‌లో సగం సీజన్ అవార్డు అనేది పూర్తిగా ఆ లీగ్ కల్పించుకున్నది. దానికి ఆధారంగా చూపగలిగే బయటి నియమం ఏదీ లేదు. లీగ్ నియమావళిలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే నిర్వాహకుడి నోటి మాటే నియమం.

మా లీగ్‌లో పదహారు జట్లు. వేర్వేరు కాలాల ఆటగాళ్ళ కార్డులతో డ్రాఫ్ట్ (జట్ల ఓనర్లమైన మేము వంతులవారీగా ఆటగాళ్ళను ఎంచుకోవడం) జరిగింది. ఒక్కొక్కరి దగ్గర 75 డాలర్లు తీసుకుని, అందులో పెద్ద భాగాన్ని సగం సీజన్‌లోనే అవార్డుల రూపంలో ఓనర్లకు తిరిగి ఇస్తామని ప్రకటించారు. కమిషనర్‌గా వ్యవహరించే నిర్వాహకుడికి కూడా ఒక జట్టు ఉంది. అది తప్పేమీ కాదు; స్నేహితుల లీగ్‌లలో కమిషనర్ కూడా ఆడటం మామూలే. అయితే అలా ఆడే చోట ఆటల ఫైలు మరొకరి దగ్గర కూడా ఉంటుంది. మాకు ఆ ఏర్పాటు లేదు.

సై యంగ్ సంగతి వివరంగా చెబుతాను. నా జట్టులో పెడ్రో మార్టినెజ్ 2000 కార్డు ఉంది, నిర్వాహకుడి జట్టులో లూయిస్ టియాంట్ 1968 కార్డు ఉంది. రెండూ గొప్ప కార్డులే, కానీ సమానమైనవి కావు. 1968లో పిచర్ నిలబడే దిబ్బ 15 అంగుళాల ఎత్తు ఉండి పిచర్లకు కలిసొచ్చేది, అమెరికన్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు విభాగాలలో ఒకటి) మొత్తం ఈఆర్ఏ (తొమ్మిది ఇన్నింగ్స్‌కు పిచర్ ఇచ్చే ఎర్న్‌డ్ రన్ల, అంటే ఫీల్డర్ల తప్పిదం లేకుండా ఇచ్చిన పరుగుల, సగటు; ఎంత తక్కువైతే అంత మంచిది) 2.98, అలాంటి ఏడాదిలో టియాంట్ ఈఆర్ఏ 1.60. దిబ్బను 10 అంగుళాలకు తగ్గించింది ఆ మరుసటి ఏడాదే. పెడ్రో 1.74 సాధించిన 2000లో అదే లీగ్ ఈఆర్ఏ 4.91. ఏ కాలం అంకెను ఏ కాలంతో తూచాలో తెలిసిన ఓనర్ డ్రాఫ్ట్‌లో పెడ్రోను ముందు తీసుకుంటాడు. ఈ ఆటలో నైపుణ్యం అంటే ఇదే, దీనికి దక్కే గుర్తింపు కోసమే మనం చేరుతాం.

81వ ఆట ముగిసిన రాత్రి వచ్చిన నివేదిక ప్రకారం పెడ్రో 98 ఇన్నింగ్స్‌లో 28 ఎర్న్‌డ్ రన్లు ఇచ్చాడు, అంటే ఈఆర్ఏ 2.57. టియాంట్ చివరి ఆటలో మూడు ఇన్నింగ్స్ పూర్తిచేసి, నాలుగో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్లు చేసి, మొత్తం ఆరు ఎర్న్‌డ్ రన్లు ఇచ్చి దిగిపోయాడు. అప్పటివరకు 82 ఇన్నింగ్స్‌లో 22 రన్లతో 2.41 దగ్గర ఉన్నవాడు ఆ ఒక్క ఆటతో 2.94కు చేరాడు. ప్రతి వారం బాక్స్ స్కోర్లు (ఆటల గణాంక పట్టికలు) దాచుకునే అలవాటు నాకు ఉంది కాబట్టి ఈ అంకెలన్నీ నా దగ్గర ఉన్నాయి. అవార్డులు ప్రకటించేముందు నిర్వాహకుడి నుంచి ఒక సందేశం వచ్చింది: లీగ్ ఫైలు పాడైందట, చివరి వారం ఆటలన్నీ మళ్ళీ ఆడించవలసి వచ్చిందట. కొత్త నివేదికలో టియాంట్ అదే ఆటలో, అదే ప్రత్యర్థి మీద, ఎనిమిది ఇన్నింగ్స్ వేసి ఒక్క రన్ కూడా ఇవ్వలేదు. మొత్తం 90 ఇన్నింగ్స్, 22 రన్లు, ఈఆర్ఏ 2.20. సై యంగ్ బహుమతి నిర్వాహకుడి జట్టుకే వెళ్ళింది.

ఫైళ్ళు నిజంగానే పాడవుతాయి, అది నేను కాదనను. కానీ పాడైన ఫైలు ఏదో చూపించమని అడిగినప్పుడు తొలగించామన్నారు. మొదటి నివేదిక పేజీలు ఎక్కడున్నాయని అడిగేసరికి అవీ మాయమయ్యాయి. అష్టాచెమ్మాలో గవ్వలు తనకు నచ్చినట్టు పడలేదని ఏరుకుని మళ్ళీ వేసే ఆటగాడిని ఎవరూ ఒప్పుకోరు. ఇక్కడ గవ్వలు వేసేది, లెక్క రాసేది, బహుమతి అందుకునేది ఒకే మనిషి అయినప్పుడు ఆ చేయి పట్టుకుని ఆపేవారే లేకపోయారు.

ఎంవీపీ విషయంలో ఓనర్లే ఓటు వేస్తారని ముందుగా చెప్పారు. ఒక్కో ఓనర్ ముగ్గురి పేర్లు రాయాలి, వారికి వరుసగా 5, 3, 1 పాయింట్లు. అంటే ఒక్కో బ్యాలెట్‌కు 9 పాయింట్లు, పదహారు బ్యాలెట్లకు 144. ప్రకటించిన జాబితాలో ఉన్న పాయింట్లన్నీ కూడితే 153 వచ్చింది. 153ను 9తో భాగించండి, సరిగ్గా 17 వస్తుంది. పదహారు మంది ఓనర్లున్న లీగ్‌లో పదిహేడో బ్యాలెట్ ఎవరిదన్న ప్రశ్నకు ఇప్పటికీ సమాధానం లేదు. గెలిచిన ఆటగాడికీ రెండో స్థానంలో ఉన్నవాడికీ మధ్య తేడా నాలుగు పాయింట్లే కనుక ఆ ఒక్క బ్యాలెట్ ఫలితాన్ని మార్చడానికి సరిపోతుంది. నిజమైన ఎంవీపీ ఓటింగ్‌లో ఒక్కో లీగ్‌కు 30 మంది రచయితలు పదేసి పేర్లు రాస్తారు, మొదటి స్థానానికి 14, రెండో స్థానానికి 9, ఆ తర్వాత 8 నుంచి ఒక్కొక్కటి తగ్గుతూ 1 వరకు పాయింట్లు ఉంటాయి, ఎవరు ఎవరికి ఓటు వేశారో ఆ సంఘమే ప్రచురిస్తుంది. అంత పెద్ద వ్యవస్థ దాచుకోనిది పదహారు మంది ఉన్న లీగ్ ఎందుకు దాచుకోవాలి?

రూకీ అవార్డు గురించి ఎక్కువ చెప్పను. రూకీ అంటే ఎవరో నియమావళిలోనే లేదు. మేజర్ లీగ్‌లో అంతకుముందు సీజన్లలో కలిపి 130 అట్-బ్యాట్లు (లెక్కకు వచ్చే బ్యాటింగ్ అవకాశాలు) లేదా 50 ఇన్నింగ్స్ దాటినవాడు రూకీ కాడు. అందుకే 1980లో కొన్ని ఇన్నింగ్స్ వేసిన ఫెర్నాండో వాలెన్‌జువేలా 1981లో రూకీగానే ఆ అవార్డును, దానితోపాటు సై యంగ్‌ను కూడా గెలుచుకోగలిగాడు. మా లీగ్‌లో మాత్రం ఎవరి కార్డు రూకీ అన్నది నిర్వాహకుడు ప్రకటన రోజున నిర్ణయించాడు.

ఇక డబ్బు. మిగతా బహుమతులు గెలిచిన ఓనర్లకు కూడా నగదు రాలేదు. ఆ మొత్తాన్ని వచ్చే సీజన్ రుసుములో తగ్గిస్తామని చెప్పారు. అంటే బహుమతి అందుకోవాలంటే మళ్ళీ అదే మనిషికి డబ్బు కట్టాలి. అదే వారం రెండో విడత నిర్వహణ రుసుము అంటూ ఇంకో 40 డాలర్లు అడిగారు. చేరేటప్పుడు దాని ఊసే లేదు. కట్టనివారి జట్లను మిగతా సీజన్ కంప్యూటర్ నడుపుతుందట. మొదటి సగంలో కష్టపడి నిలబెట్టుకున్న జట్టును వదులుకోలేక కొందరు కట్టారు కూడా. ఆ మమకారాన్నే పెట్టుబడిగా వాడుకునేవారున్నారని తెలిసి నాకు చాలా బాధ కలిగింది. ఎవరూ చూడని ఆటలో ఎవరూ ఎరగని పిచర్ గురించి అర్ధరాత్రి దాకా ఆలోచించేవాళ్ళు డబ్బు కోసం రారు, ఆట మీద ప్రేమతో వస్తారు.

నిజాయితీగా నడిచే లీగ్‌లు లేవని నేను అనడం లేదు. 2020లో కరోనా వల్ల అసలు సీజన్ జూలై 23 వరకు మొదలుకానప్పుడు, స్ట్రాట్-ఓ-మాటిక్ రోజూ ఆటలను సిమ్యులేట్ చేసి ఫలితాలు ప్రకటించింది, బేస్‌బాల్ రిఫరెన్స్ అనే గణాంకాల వెబ్‌సైట్ కూడా అవుట్ ఆఫ్ ద పార్క్ అనే కంప్యూటర్ ఆటతో అదే పని చేసింది. ఎవరైనా చూడవచ్చు, ఎవరూ రూపాయి కట్టనక్కరలేదు. రుసుము లేకుండా ఏళ్ళ తరబడి స్వచ్ఛందంగా లీగ్‌లు నడిపే కమిషనర్లు ఎందరో ఉన్నారు. మంచి లీగ్‌ను గుర్తుపట్టడం పెద్ద కష్టం కాదు. పోయిన సీజన్ అవార్డుల జాబితా, దాని వెనుక ఉన్న బాక్స్ స్కోర్లు ఈ రోజుకీ తెరిచి చూడగలగాలి. అవార్డుకు అర్హత హద్దు రాసి ఉండాలి. పూర్తి సీజన్‌కు వాడే ఆటకు 3.1 ప్లేట్ అపియరెన్సుల (బ్యాటింగ్‌కు వచ్చిన సార్ల) లెక్క ప్రకారం హిట్టర్లకు 81 ఆటలకు 251, పిచర్లకు ఆటకు ఒక ఇన్నింగ్స్ చొప్పున 81 ఇన్నింగ్స్ అన్నది న్యాయమైన హద్దు. ఆటను మళ్ళీ ఆడించవలసి వస్తే ఆ నిర్ణయం కమిషనర్ ఒక్కడిది కాకుండా, ఆ ఆటతో సంబంధం లేని ఇద్దరు ఓనర్ల అనుమతితో జరగాలి. ఈ ప్రశ్నలు అడిగినందుకే చిరాకుపడే నిర్వాహకుడికి ఒక్క డాలర్ కూడా పంపకండి.

చెల్లింపు విధానాన్ని తేలికగా తీసుకోవద్దు. మాలో ఎక్కువమంది జెల్ (Zelle) బ్యాంకు బదిలీ ద్వారా, పేపాల్‌లో స్నేహితులకు, కుటుంబ సభ్యులకు పంపే పద్ధతిలో కట్టారు, ఎందుకంటే నిర్వాహకుడు అలాగే పంపమని పట్టుబట్టాడు. ఆ రెండింటిలోనూ కొనుగోలుదారుకు రక్షణ ఉండదు. క్రెడిట్ కార్డుతో కట్టినవారికి మాత్రం స్టేట్‌మెంట్ పంపిన 60 రోజులలోపు బ్యాంకుకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపే హక్కు చట్టం ఇస్తుంది. ఫాంటసీ ఆటలకు చట్టంలోనే మినహాయింపు ఉందని నిర్వాహకులు ధీమాగా చెబుతారు. 2006 నాటి సమాఖ్య చట్టంలో ఉన్న ఆ మినహాయింపు నిజమైన పోటీలలో ఆటగాళ్ళు సాధించిన గణాంకాల మీద ప్రధానంగా ఆధారపడే ఆటలకు, చేరినవారి సంఖ్యతో గానీ కట్టిన రుసుముతో గానీ ముడిపడకుండా ముందే ప్రకటించిన బహుమతులకు ఉద్దేశించినది. ఫలితాన్ని కంప్యూటర్ పుట్టించే లీగ్‌కు అది వర్తిస్తుందన్న మాటను గుడ్డిగా నమ్మకండి. పైగా రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉంటాయి.

ఇక్కడి బంధువుల ద్వారా విని ఇండియా నుంచి చేరాలనుకునేవారికి ఒక్క మాట: అసలు చేరవద్దు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025లో వచ్చిన కేంద్ర చట్టం దేశమంతటా వాటిని ఆపింది. ఇప్పటికే పంపి మోసపోయినవారు సైబర్ మోసాల 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించవచ్చు.

అమెరికాలో ఉన్నవారు ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు, తమ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయానికి ఫిర్యాదు చేయండి. మీరు ఇలాంటి లీగ్‌లోనే ఉండి ఇంకా రెండో విడత కట్టకపోతే ఆగిపోండి. ముందుగా ఈ రాత్రే నియమావళి, లీగ్ ప్రకటన, ఇప్పటివరకు వచ్చిన బాక్స్ స్కోర్లు, నిర్వాహకుడి సందేశాలు తేదీలు కనిపించేలా మీ సొంత కంప్యూటర్‌లో భద్రపరచుకోండి. ప్రశ్నలు అడగడం ఆ తర్వాతే మొదలుపెట్టండి, ఎందుకంటే మేము అడిగిన తర్వాతే మా లీగ్ పేజీలు కనిపించకుండా పోయాయి.