ఎవరి యాంప్ ఎదురైనా: శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ డీఐ, ఏళ్ల వాడకం తర్వాత

కోనసీమలో ఆర్కెస్ట్రాకి బేస్ గిటార్ వాయించేవాళ్లకి సొంత యాంప్ (గిటార్ శబ్దాన్ని పెంచి వినిపించే పెట్టె) వెంట తీసుకెళ్లే వీలు దాదాపు ఉండదు. సఖినేటిపల్లి రేవులో బైకుతో సహా పంటు (గోదావరి దాటించే పడవ) ఎక్కి నరసాపురం దాటాలి. భుజాన గిటార్, వెనక సీట్లో కీబోర్డ్ వాయించే తమ్ముడు, వాడి ఒళ్లో వాడి కీబోర్డ్. పదిహేనంగుళాల స్పీకర్ క్యాబినెట్‌కి ఇక చోటెక్కడ? అందుకని స్టేజీ మీద ఏది ఉంటే అందులోనే వాయించాలి. అత్తిలి షష్ఠికి ఒకటి, చవితి పందిట్లో ఇంకొకటి, భీమవరం కల్యాణ మండపంలో మరొకటి, డిసెంబరు వచ్చిందంటే చర్చిల్లో క్రిస్మస్ పాటలకి వేరొకటి. అదృష్టం బాగుంటే అది నిజంగానే బేస్ యాంప్. లేకపోతే కీబోర్డ్ యాంపో, లీడ్ గిటార్ యాంపో చూపించి "ఇందులో పెట్టేసుకోండి" అంటారు. కొన్ని ఊళ్లలో మైక్ సెట్టు తప్ప ఇంకేమీ ఉండదు.

ఇన్నాళ్లుగా ఈ తిరుగుళ్లలో నన్ను కాపాడింది టెక్ 21 కంపెనీ శాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ డీఐ. డీఐ అంటే గిటార్‌ని నేరుగా మిక్సర్‌కి కలిపే డబ్బా. మొదటిది 1992లో వచ్చింది. నాది మిడ్ నాబ్ (మధ్య స్వరాలను పెంచే, తగ్గించే మర) ఉన్న రెండో వెర్షన్. ట్యూబ్ యాంపు, దాని స్పీకరు, ముందు పెట్టిన మైకు, ఈ మూడూ కలిస్తే వచ్చే టోన్‌ని ఈ చిన్న డబ్బాలోని అనలాగ్ సర్క్యూటే ఇస్తుంది. గిటార్ బ్యాగు జేబులో పడుతుంది.

దీని అసలు ఉపయోగం ఇందులోంచి బయటికెళ్లే రెండు లైన్లలో ఉంది. ఎక్స్‌ఎల్‌ఆర్ (మైకు తీగ పెట్టే మూడు పిన్నుల సాకెట్) నుంచి ఒక లైను నేరుగా మిక్సర్‌కి, జాక్ నుంచి ఇంకోటి స్టేజీ మీది యాంప్‌కి. ఎదురుగా కూర్చున్న జనం వినేది మిక్సర్ లైను. యాంప్ నాకూ, పక్కన ప్యాడ్స్ వాయించేవాడికీ వినపడటానికే. అది ఎంత పాతదైనా, దాని నాబ్‌లు ఎవరెలా తిప్పి వదిలేసినా, జనానికి వెళ్లే టోన్ మాత్రం నేను ఇంట్లో కూర్చుని సరిచేసుకున్నదే. సౌండ్ ఆపరేటర్లు మొదట్లో డబ్బా చూసి అనుమానపడతారు. "బాబాయ్, ఇది డైరెక్ట్ లైనండి, మీరు ఫేడర్ ఎత్తితే చాలు" అంటే ఒప్పుకుంటారు. మైకు ఒకటి మిగులుతుందని సంతోషిస్తారు కూడా.

అయితే యాంప్‌ని గాలికి వదిలేయడానికి లేదు. నాకు వినపడకపోతే వేళ్లు గట్టిగా పడతాయి, తాళం బిగుసుకుపోతుంది. కొత్త యాంప్ ఎదురైతే నేను ముందు చూసేది వెనక భాగం. ఎఫెక్ట్స్ రిటర్న్ అని రాసిన జాక్ ఉంటే డబ్బా లైను అందులోనే పెడతాను. అప్పుడు ఆ యాంప్ ప్రీయాంప్ (టోన్ తయారుచేసే మొదటి భాగం) దారిలో లేకుండా పోతుంది. ప్రీయాంప్ మీద ప్రీయాంప్ పడితే వచ్చే ముద్దముద్ద శబ్దం ఉండదు. ఒక్కటి గుర్తుంచుకోవాలి: రిటర్న్‌లో పెడితే కొన్ని యాంప్‌ల వాల్యూమ్ నాబ్ పనిచేయదు. కాబట్టి డబ్బా లెవెల్ సున్నాకి తిప్పి, మెల్లగా ఎత్తుకోవాలి.

రిటర్న్ లేకపోతే మామూలు ఇన్‌పుటే గతి. అన్ని నాబ్‌లూ మధ్యలో పెడితే ఫ్లాట్ (ఏ స్వరాన్నీ పెంచని, తగ్గించని టోన్) వచ్చినట్టేనని చాలామంది అనుకుంటారు. బేస్, ట్రెబుల్ నాబ్‌లు మధ్యలో 'టక్'మని ఆగే బేస్ యాంప్‌లలో అది నిజం. పాత ఫెండర్ తరహా యాంప్‌లలో కాదు. వాటిలో మధ్యలో పెడితే మిడ్ గుంటపడి ఉంటుంది. బేస్, ట్రెబుల్ బాగా తగ్గించి మిడ్ పూర్తిగా ఎత్తితేనే ఫ్లాట్‌కి దగ్గరగా వస్తుంది. ఇక లీడ్ గిటార్ యాంప్ అయితే మరీ జాగ్రత్త. మన బేస్ గిటార్‌లో అన్నిటికన్నా కింది స్వరమిచ్చే ఓపెన్ 'E' తీగ 41 హెర్ట్జ్. ఆ స్పీకరు అంత కింది స్వరాల కోసం చేసింది కాదు. వాల్యూమ్ పెంచితే కోన్ ముందుకీ వెనక్కీ కొట్టుకుని చిరగొచ్చు. అద్దె సామాను మనం పాడుచేయకూడదు కదా. బేస్ తగ్గించి, పక్కవాళ్లకి వినపడీ వినపడనట్టు పెట్టుకుని, భారమంతా మిక్సర్ లైను మీద వేస్తాను.

ఈ డబ్బాలో నాకు అన్నిటికన్నా పనికొచ్చింది మిడ్ నాబ్. దానికి 500, 1000 హెర్ట్జ్ అని మార్చుకునే స్విచ్చుంది, బేస్ నాబ్‌కి 40, 80 అని ఇంకోటి. టైల్స్ పరిచిన కల్యాణ మండపాల్లో కింది స్వరాలు గోడలకి కొట్టుకుని గుమ్మని పేరుకుంటాయి. రేకుల షెడ్డులో నడిచే చర్చిల్లో ఇంకా ఘోరం. ఏ స్వరం దగ్గర రేకు జరజరమంటుందో ముందే తీగ తీగా మీటి చూసుకోవాలి. అలాంటిచోట బేస్ నాబ్ సగానికి దించి, మిడ్ 500 మీద కొంచెం ఎత్తితే పాట గింజ గింజగా వినపడుతుంది. ఆరుబయట తీర్థంలో, కొబ్బరిచెట్లకి కట్టిన బాకాల్లో లెక్క పూర్తిగా వేరు. బాకాలో 41 హెర్ట్జ్ రానే రాదు, బేస్ నాబ్ ఎంత తిప్పినా మిక్సర్‌లో ఎర్రలైటు వెలగడమే మిగులుతుంది. కానీ ఒక స్వరానికి పైన దాని రెట్టింపులూ మూడింతలూ మోగుతుంటాయి. అవి వినపడితే చాలు, లేని కింది స్వరాన్ని మన చెవే నింపుకుంటుంది. ఆ పై స్వరాలను పెంచేది డ్రైవ్ నాబ్. అందుకే తీర్థాల్లో డ్రైవ్ గడియారం ముల్లు లెక్కన పదకొండు గంటల దాకా, మిడ్ 1000 మీద ఒంటిగంట దాకా తీసుకెళ్తాను. ఇంట్లో ఒంటరిగా వింటే ఈ టోన్ ముక్కుతో పాడినట్టుంటుంది. డోలక్, కీబోర్డ్, ప్యాడ్స్ మధ్య బేస్ ఎక్కడుందో తెలిసేది మాత్రం దీనితోనే. బాగా పై స్వరాలను ఎత్తే ప్రెజెన్స్ నాబ్ మాత్రం ఎప్పుడూ తొమ్మిది దాటనివ్వను, తీగల మీద వేళ్లు గీసుకునే చప్పుడంతా మైక్ సెట్టులో పడుతుంది.

కరెంటు విషయం. మిక్సర్ నుంచి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఎక్స్‌ఎల్‌ఆర్ తీగలోనే వచ్చే కరెంటు) వస్తే డబ్బా దాంతోనే నడుస్తుంది. కానీ పందిళ్లలో యాంప్‌కి ఒక లైను, మిక్సర్‌కి జనరేటర్ నుంచి ఇంకో లైను వస్తే బుర్రుమనే హమ్ పట్టుకుంటుంది. గ్రౌండ్ విడదీసే స్విచ్ నొక్కితే హమ్ పోతుంది, దాంతోపాటే ఫాంటమ్ కూడా పోతుంది, ఎందుకంటే ఫాంటమ్ తిరుగుదారి ఆ గ్రౌండ్ తీగే. అందుకని లోపల 9 వోల్టుల బ్యాటరీ మంచిది ఉండాలి. జాక్ పెట్టి వదిలేస్తే బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది, విరామంలో తీసేయాలి.

లోటు లేకపోలేదు. ఒక్క సెట్టింగే ఉంటుంది. మెలోడీకీ మాస్ బీట్‌కీ మధ్యలో వంగి తిప్పుకోవాలి, చీకట్లో నాబ్ గుర్తులు కనపడవు. నేను తెల్ల నెయిల్ పాలిష్ చుక్కలు పెట్టుకున్నాను. ఫుట్‌స్విచ్‌తో ఆపితే బేస్, మిడ్, ట్రెబుల్ సర్దుబాట్లు, లెవెల్ అన్నీ పోయి ఉత్త డీఐ అవుతుంది, వాల్యూమ్ మారిపోతుంది. నేనైతే ఆ స్విచ్ ముట్టను.

కొనాలనుకునే తమ్ముళ్లు మిడ్ నాబ్ ఉన్న వెర్షనే చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో పాతది చవగ్గా దొరుకుతుంది కానీ బాకాల ముందు వాయించేవాళ్లకి మిడ్ లేకపోతే పని జరగదు. ఒకే చర్చిలో, ఒకే మంచి బేస్ యాంప్ ముందు ఏడాదంతా వాయించేవాళ్లకి ఇది అక్కర్లేదు. ఆ డబ్బు పెట్టి కొత్త తీగలు వేయించుకుని, గిటార్ సెటప్ చేయించుకోండి.