బీఫార్మసీయా, ఫార్మ్‌డీయా?

ఎంసెట్ అన్న పాత పేరు ఇంకా నోట్లోంచి పోలేదు, ఇప్పుడది ఈఏపీసెట్. ఇంటర్‌లో ఎంపీసీ చదివినా, బైపీసీ చదివినా ఆ ర్యాంకుతోనే రెండు కోర్సుల్లోనూ చేరవచ్చు.

బీఫార్మసీ 4 ఏళ్లు. ఫార్మ్‌డీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, 6 ఏళ్లు. చివరి ఏడాది ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. వార్డులో కేస్ షీటు పట్టుకుని, ఈ మాత్రకు ఆ మాత్ర పడుతుందా అని చూడటం అక్కడి పని. అది నచ్చితేనే ఫార్మ్‌డీ. పేరు ముందు ‘డాక్టర్’ కోసమైతే వద్దు.

ఫీజు దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఏడాది ఫీజులను పోల్చి ఊరుకుంటారు; ఫార్మ్‌డీకి మరో రెండేళ్ల హాస్టలు, మెస్సు ఖర్చులూ కలపాలి. కన్వీనర్ కోటాలో సీటు రాకపోతే నేనైతే బీఫార్మసీ వైపే మొగ్గుతాను. తర్వాత జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఫార్మసీకి వెళ్లవచ్చు.