గూగుల్ స్కాలరా, పబ్‌మెడ్డా, సీనియర్ మాటా: పరిశోధక విద్యార్థికి ఏది మేలు?

అమెరికాలో ఎం.ఎస్., పీహెచ్.డీ. చేస్తున్నవారు, అక్కడే పుట్టి పెరిగినవారైనా, హైదరాబాదు, విజయవాడల నుంచి వెళ్లినవారైనా, ఏ సమాచారం కావాలన్నా సాధారణంగా గూగుల్‌తోనే మొదలుపెడతారు. అక్కడ దొరకనప్పుడు ఎవరిని అడుగుతారన్న దగ్గరే దారులు వేరవుతాయి. స్థానికులు గైడ్‌ను అడగడానికి అంతగా జంకరు. మనవారిలో చాలామంది ముందు తెలుగు సీనియర్‌కు వాట్సాప్‌లో సందేశం పెడతారు.

అద్దె ఇంటికీ, ఏ ప్రొఫెసర్ దగ్గర పని ఎలా ఉంటుందో తెలుసుకోవడానికీ సీనియర్‌ను మించినవారు లేరు. వీసా నియమాలకు మాత్రం ఆ మాట చాలదు. చదువు ముగిశాక తమ రంగంలో కొంతకాలం పనిచేయడానికి విద్యార్థి వీసాపై ఇచ్చే అనుమతి అయిన ఓపీటీకి కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి, ముగిశాక 60 రోజుల వరకు దరఖాస్తు చేయవచ్చని అందరూ చెబుతారు. విశ్వవిద్యాలయ అధికారి సిఫార్సు నమోదు చేసిన 30 రోజుల్లోగా ఆ దరఖాస్తు చేరాలన్న షరతును మరచిపోయేవారున్నారు. ఇలాంటివి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలోనే అడగాలి.

ఇక పరిశోధన పత్రాల విషయం. 2004లో వచ్చిన గూగుల్ స్కాలర్ తొలి పరిచయానికి ఎంతో మేలు: ఒక మంచి పత్రం దొరికితే, దాన్ని ఉదహరించిన తరువాతి పత్రాలన్నీ ఒక్క నొక్కుతో కనిపిస్తాయి. కానీ ఒక వెతుకులాటకు వెయ్యి ఫలితాలకు మించి చూపదు, వాటిని ఏ లెక్కన పేర్చిందో చెప్పదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కిడ్నీ వ్యాధి మీద పనిచేసే విద్యార్థినే తీసుకుందాం. 'ఉద్దానం' అని మాత్రమే వెతికితే శ్రీలంక, ఎల్ సాల్వడార్, నికరాగువాలలో ఇలాగే కారణం తేలని కిడ్నీ వ్యాధిపై జరిగిన పని చాలావరకు తప్పిపోతుంది. మధ్య అమెరికాలో దాన్ని 'మెసోఅమెరికన్ నెఫ్రోపతీ' అంటారు. వైద్య, జీవశాస్త్ర పత్రాలను వెతికే పబ్‌మెడ్‌లో ఈ పేర్లన్నిటినీ 'ఆర్' (OR, అంటే 'లేదా') అన్న మాటతో కలిపి, సంవత్సరాల పరిధి పెట్టి, ఆ ప్రశ్నను భద్రపరచుకుని, కొత్త పత్రాలు వచ్చినప్పుడు ఈమెయిల్ అందేలా చేసుకోవచ్చు. సిద్ధాంత గ్రంథంలో ఎలా వెతికామో రాయాలంటే ఈ పద్ధతే నిలుస్తుంది. పబ్‌మెడ్ అందరికీ ఉచితం కనుక ఇంటి నుంచే నేర్చుకోవచ్చు.

ఈ రెంటికన్నా ముందు నేను సూచించేది సబ్జెక్ట్ లైబ్రేరియన్‌తో, అంటే విశ్వవిద్యాలయ లైబ్రరీలో మీ రంగానికి సాయపడే లైబ్రేరియన్‌తో, ఒక గంట. స్థానికులు తమకు వెతకడం వచ్చుననుకుని, మనవారు అడిగితే ఏమనుకుంటారోనని, ఈ సాయాన్ని వదులుకుంటారు. తమ లైబ్రరీలో లేని పత్రాన్ని మరో విశ్వవిద్యాలయం నుంచి, సాధారణంగా ఉచితంగానే, తెప్పించి ఇచ్చే ఏర్పాటు ఉంటుందని తెలియక సొంత డబ్బుతో కొనేవారిని చూస్తే బాధ కలుగుతుంది.