తొమ్మిదేళ్ల టేకు బీరువా, పాలిష్ వేయని లోపలి వైపు

మా పడకగదిలోకి టేకు బీరువా వచ్చి తొమ్మిదేళ్లు నిండాయి. అరలెన్ని, సొరుగులెన్ని, ఎత్తెంత అన్నవి ఇక్కడ రాయను. అవి ఎవరి గదిని బట్టి వాళ్లు తేల్చుకునేవే. నేను చెప్పాలనుకున్నది తలుపుల గురించి, అందులోనూ తలుపుల లోపలి వైపు గురించి. మా బీరువా చేసినవాళ్లు రెక్కల బయటి వైపు అద్దంలా పాలిష్ చేసి, లోపలి వైపు ఒట్టి చెక్కగా వదిలేశారు. ఆ ఒక్క పని వల్ల నేను పడ్డ ఇబ్బంది అంతా ఇంతా కాదు. ఇన్నేళ్లయినా నాకు ఆ కోపం పూర్తిగా పోలేదు.

కొన్న మొదటి ఏడాది ఎవరడిగినా "కళ్లు మూసుకుని అసలు టేకు తీసుకోండి" అని చెప్పేదాన్ని. అబద్ధమేమీ చెప్పలేదు. తలుపు తెరిస్తే టేకు వాసన గుప్పున వచ్చేది. వేస్తే మెత్తగా, బరువుగా చప్పుడయ్యేది. రెండు రెక్కల మధ్య పైనుంచి కిందిదాకా ఒకటే సన్నని సందు, రెండు మిల్లీమీటర్లు ఉంటుందేమో. ఆ సందును చూసే నేను పనితనానికి మురిసిపోయాను. కానీ మేము కొన్నది నడి ఎండాకాలంలో. చెక్క బాగా ఆరి, ముడుచుకుని ఉన్న రోజుల్లో కొలిచి పెట్టిన సందు అది. వానాకాలంలో చెక్క పెరగడానికి అందులో చోటే లేదు. ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు.

రెండో ఏడు వానల్లో కుడి రెక్క కాస్త బిగిసింది. అంచుకు కొవ్వొత్తి రుద్దితే సర్దుకుంది. మూడో ఏడు అలా సర్దుకోలేదు.

వారం రోజులుగా ముసురు పట్టింది. మా నాన్నకు ఆపరేషన్. తెల్లవారుజామున రైలు. పాత స్కాన్లు, రక్తపరీక్షల కాగితాలు, ఇన్సూరెన్సు ఫైలు అన్నీ బీరువా సొరుగులో ఉన్నాయి. ముందురోజే తీసి పెట్టుకోవాల్సింది, ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి తీయలేదు. మూడున్నరకు లేచి తాళం తిప్పాను. తాళం తిరిగింది, తలుపు మాత్రం రాలేదు. మా బీరువాలో ఎడమ రెక్కకు పైనా కిందా లోపలి గడియలు, కుడి రెక్కకు తాళం. కుడి రెక్క తెరుచుకుంటే తప్ప ఎడమది తీయడానికి దారి లేదు. రెండు రెక్కలూ ఉబ్బి నడుమ ఒకదాన్నొకటి నొక్కుకుని ఉన్నాయి. మా ఆయన హ్యాండిల్ పట్టుకుని గట్టిగా లాగితే స్క్రూలతో సహా ఊడి చేతికొచ్చింది. ఇక పట్టుకోవడానికి కూడా ఏమీ లేదు. స్క్రూడ్రైవరు సందులో పెట్టి ఎత్తబోతే అంచు బద్ద లేచిపోయింది. హెయిర్ డ్రయ్యరు పెట్టి చూశాం. చివరికి స్టీలు స్కేలు పైనుంచి కిందికి దింపుతూ, నేను కింది మూల దగ్గర వేళ్లతో పట్టి లాగుతుంటే, నాలుగు ముప్పావుకి పెద్ద శబ్దంతో వచ్చింది. అప్పటికే రైలు వెళ్లిపోయింది. బస్సు పట్టుకుని మధ్యాహ్నానికి చేరాం. ఆపరేషన్ మర్నాటికి మార్చారు, నాన్న కులాసాగా ఉన్నారు. కానీ ఆ గంటంబావు టెన్షన్ నేను మర్చిపోలేను. లేచిపోయిన ఆ అంచు ఇప్పటికీ కనిపిస్తుంది.

తిరిగొచ్చాక అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే ఒక వడ్రంగిని పంపారు. అతను రెక్కల్ని తగలనిచ్చి, ఎక్కడ రాసుకుంటుందో గీత పెట్టి, రెండు అంచులూ చిత్రిక పట్టేశాడు. పావుగంట పని. తలుపు వెన్నలా తిరిగింది. నేను సంతోషంగా పంపించాను. ఆ తర్వాతి ఎండాకాలానికి రెక్కల మధ్య చిటికెన వేలు పట్టేంత సందు వచ్చింది. తాళం నాలుక అవతలి గాడిదాకా సరిగ్గా అందేది కాదు. లోపల బట్టల మీద దుమ్ము. వానల్లో ఉబ్బి ఉన్న చెక్కను అప్పటి కొలతకు కోసేస్తే, ఆరాక అది ఇంకా కురచవుతుందన్న సంగతి ఆ వడ్రంగికి తెలియకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

అసలు విషయం చెప్పింది రెండో ఆయన. పెద్దాయన, మా పక్కింట్లో కిటికీల పనికి వచ్చారు. బతిమాలి పిలిచి చూపించాను. ఆయన సందు వైపు చూడనే లేదు. రెక్క తెరిచి, లోపలి వైపు అరచేత్తో నిమిరి, తర్వాత స్టూలెక్కి తలుపు పై అంచు మీద వేలు రాశారు. "తప్పు చెక్కది కాదమ్మా. ఒక పక్క చొక్కా తొడిగి, రెండో పక్క ఒళ్లు వదిలేశారు. వానొస్తే వదిలేసిన పక్కే తాగుతుంది" అన్నారు. స్కేలు అడ్డంగా ఆనించి చూపిస్తే అర్థమైంది. రెక్క ఉబ్బడమే కాదు, వంగింది కూడా. పాలిష్ లేని లోపలి వైపు ఎక్కువ తేమ పీల్చుకుని సాగింది, బయటి వైపు అంత సాగలేదు. దాంతో నడుమ లోపలికి పోయి, అంచులు బయటికి తిరిగాయి.

ఆ తర్వాత నేను దీని గురించి కాస్త చదివాను. చెక్క పొడవునా దాదాపు కదలదు, అంటే తేమకు పెరగదు, తరగదు. కదలికంతా వెడల్పులోనే. అన్ని చెక్కలతో పోలిస్తే టేకు తక్కువ కదిలే రకమే. అయినా అర మీటరు వెడల్పు పలకలో తేమ నాలుగు శాతం మారితే మూడు, నాలుగు మిల్లీమీటర్ల దాకా తేడా రావచ్చు. మా రెక్కలు రెండూ పలకలు అతికించి చేసినవి, ఒక్కొక్కటి ఇంచుమించు అంత వెడల్పు. బందుల వైపు కదలడానికి వీల్లేదు కాబట్టి రెండింటి పెరుగుదలా నడుమకే వస్తుంది. అంటే ఆరేడు మిల్లీమీటర్లు. మాకున్న సందు రెండు.

పూర్వపు తలుపుల్లో నాలుగు వైపులా చట్రం కట్టి, దాని గాడిలో నడిమి పలకను జిగురు వేయకుండా ఎందుకు వదిలేవారో అప్పుడు అర్థమైంది. పలక ఆ గాడిలోనే పెరిగి తరుగుతుంది, చట్రం కొలత పెద్దగా మారదు. అది అందం కోసం చేసిన డిజైనని నేను అంతకాలం అనుకున్నాను. కొనేటప్పుడు అలాంటిది పక్కనే ఉన్నా, మాది నున్నగా, ఒకే పలకలా ఉందని దీన్ని ఎంచుకున్నాను.

పెద్దాయన వెంటనే పని మొదలుపెట్టలేదు. వానలు వెనకబట్టి గాలి పొడిబారేదాకా ఆగమన్నారు. తర్వాత రెక్కలు రెండూ ఊడదీసి, గోడకు చేరేయకుండా రెండు వైపులా గాలి తగిలేలా చెక్కముక్కల మీద పరిచి మూడు వారాలు ఉంచారు. వంపు పూర్తిగా పోలేదు కానీ బాగా తగ్గింది. అప్పుడు లోపలి వైపుకూ నాలుగు అంచులకూ బయటివైపు ఉన్నంత పాలిష్ వేశారు. పైనా కిందా ఉన్న అంచులకు ఇంకో రెండు చేతులు ఎక్కువే వేశారు, చెక్క తేమను అన్నిటికన్నా వేగంగా పీల్చేది అడ్డంగా కోసిన ఆ చివర్ల నుంచేనట. మొదటి వడ్రంగి తీసేసిన చోట సన్నటి టేకు బద్ద అతికించారు. పాలిష్ తేమను ఆపేయదు, నెమ్మది చేస్తుంది, రెండు వైపులా ఒకేలా వెళ్లేలా చేస్తుంది అంతే అని కూడా ఆయనే చెప్పారు. ఇప్పుడు ఎండాకాలంలో సందు నాలుగు మిల్లీమీటర్లు, వానల్లో రెండుకు దిగుతుంది. తలుపు ఇరుక్కోలేదు.

బీరువాను గోడ నుంచి రెండంగుళాలు ముందుకు జరిపించింది కూడా ఆయనే. మా బీరువా వెనకది బాత్రూం గోడ. జరిపినప్పుడు చూస్తే వెనక పలక కింది భాగమంతా చెమ్మ, నల్లటి బూజు. లోపలి కింది అరలో దుప్పట్లకు వచ్చే ముక్క వాసన కలరా ఉండలు వేసినా పోవట్లేదని ఏళ్ల తరబడి విసుక్కున్నాను. ఆ వాసన ఈ గోడ నుంచి వస్తోంది. గాలి ఆడే చోటు దొరికాక ఏడాదికి తగ్గింది.

మొదట్లో నేను పొగిడిన మిగతావాటి సంగతీ చెప్పాలి. అరలు ఎంత బరువు పెట్టినా వంగవు అనేదాన్ని. చిన్న అరలు నిజంగానే వంగలేదు. దుప్పట్లు, పరుపు కవర్లు పెట్టే మూడడుగుల అర మాత్రం ఆరేళ్లకు నడుమ కొంచెం దిగింది. తీసి తిరగేసి పెట్టాం, ముందు అంచు కింద ఒక బద్ద కొట్టించాం, అంతే. టేకుకు పుచ్చు రాదు అని కూడా చెప్పాను. చేవ ఉన్న భాగానికి రాలేదు. కింది సొరుగు పక్క బద్దలో ఒక చివర తెల్లగా, చేవ లేని చెక్క వాడారు. అక్కడ సూది మొనలంత చిన్న బెజ్జాలు, కింద పిండిలాంటి పొడి కనిపించాయి. ఆ ఒక్క బద్ద మార్పించాను. కాబట్టి టేకా కాదా అని అడిగితే చాలదు. లోపలి ముక్కల్లో తెల్లటి చార ఎక్కడుందో కూడా చూడాలి.

ఎవరైనా బీరువా చూడ్డానికి తోడు రమ్మంటే ఇప్పుడు నేను ముందు తలుపు తెరిచి లోపలి వైపు నిమురుతాను. గరుకుగా ఉంటే అడుగుతాను. తర్వాత పై అంచు మీద వేలు పెడతాను. అక్కడ ఎవరూ చూడరని ఎక్కువమంది వదిలేసేది అదే. వీలైతే తేమ చూసే చిన్న మీటరు, రెండు సూదులుండేది, లోపలి మూలలో గుచ్చి చూపించమంటాను. పన్నెండు శాతం దాటితే ఇంకా ఆరాల్సిన చెక్క అనుకుని ఆగిపోతాను. బయటి మెరుపు చూడ్డానికి నాకిప్పుడు తొందర లేదు.

ఇంతా చెప్పాక, మళ్లీ కొంటావా అంటే కొంటాననే అంటాను, కానీ ఇదే బీరువాను కాదు. చుట్టూ పెట్టె మంచి ప్లైవుడ్‌తో, తలుపులు చట్రం కట్టిన టేకుతో చేయించుకుంటాను. మాది సొంతిల్లు, కింది అంతస్తు, చెమ్మ ఎక్కువ, ఎటూ మారే పని లేదు. బరువైన బీరువా మాకు సరిపోయింది. రెండు మూడేళ్లకోసారి ఇల్లు మారేవాళ్లకు దీన్ని చెప్పలేను. మా చెల్లెలు ఇల్లు మారినప్పుడు ఇలాంటిదే నలుగురు మోశారు, అయినా ఒక కాలు విరిగింది. ఏడాది పొడుగునా పొడిగా ఉండే గదిలో నేను పడ్డ అవస్థ సగం కూడా ఉండకపోవచ్చు, ఒకే పలక తలుపు అక్కడ హాయిగా నడవచ్చు.

ఈసారి వానలు మొదలై మూడు వారాలైంది. కుడి రెక్క కింది మూల అంచు మాత్రం కాస్త తగులుతోంది, కాగితం పెడితే అక్కడ ఆగుతుంది. అబ్బాయి చిత్రిక తీసుకొస్తానన్నాడు, వద్దన్నాను. పెన్సిల్‌తో గీత పెట్టి ఉంచాను. ఎండలొచ్చాక కొలిచి చూస్తాం. నాన్న ఫైలు మాత్రం ఇప్పుడు బీరువాలో లేదు, మంచం పక్క సొరుగులో ఉంది.