ఆరు మీద పెడితే ఎనిమిదికి మడతేసే రఫ్లరు

పాత సింగర్ మిషన్లతో వచ్చే అటాచ్‌మెంట్లలో నా ఓటు రఫ్లరుకే. చూడ్డానికి పీతలా వంకర కాళ్ళతో ఉంటుంది గానీ, గజాల కొద్దీ కుచ్చులు పెట్టడంలో దాని చెయ్యి తిరిగినట్టు మనిషి చెయ్యి తిరగదు. ఆరేళ్ళుగా కాలి మిషను మీద నడుస్తోంది. "ఒకసారి బిగిస్తే ఇక చూసుకోనక్కర్లేదు" అని కొత్తలో అడిగినవాళ్ళందరికీ చెప్పేశాను. ఆ మాటకిప్పుడు కొన్ని సవరణలున్నాయి.

పాత సామాన్ల కొట్టులో ఇనప ముక్కల మధ్య దీన్ని పట్టుకోవాలంటే ముందు ముద్ర చూడాలి. సిమాన్కో అని చెక్కి ఉంటే సింగర్ వాళ్ళ సొంత తయారీ. పక్కనే నంబరుంటుంది. 86642, 120598 రెండూ రఫ్లర్లే. 121441 అంటే వేరే సరుకు, చిన్న గేదరింగ్ ఫుట్ (ఫుట్ అంటే సూది కింద గుడ్డని నొక్కే పాదం). కుచ్చులు పెట్టేదే కదా అని దీన్నే రఫ్లరని అంటగట్టేస్తారు. అది పల్చటి గుడ్డకి కాస్త ముడత తెస్తుందంతే, మడతలు వెయ్యలేదు. కదిలే మీట లేకపోతే అది ఈ రకం రఫ్లరు కాదు, అంతే గుర్తు.

నంబరు కలిసినంత మాత్రాన మీ మిషనుకి పట్టాలని లేదు. ఫుట్ దించి, దాన్ని బిగించే స్క్రూ మధ్య నుంచి కింద ప్లేటు దాకా కొలవండి. అరంగుళం దగ్గర ఉంటే లో షాంక్. మన ఇళ్ళల్లో ఉండే నల్ల మిషన్లు చాలావరకు ఇవే. అంగుళం దగ్గరకొస్తే హై షాంక్, కొట్లలోని జుకీ పవర్ మిషన్లలాంటివి. సూది ఏటవాలుగా దిగే పాత సింగర్లకి వీటిలో ఏదీ పనికిరాదు, వాటి రఫ్లరు వేరు.

నాకు ప్రాణమైన భాగం ఆ మీట. దానికి నాలుగు గాట్లు: 1, 6, 12, ఒక నక్షత్రం. 1 మీద ప్రతి కుట్టుకీ గుడ్డని ముందుకు తోస్తుంది, అది కుచ్చు. 6 మీద ఆరు కుట్లకో మడత, 12 మీద పన్నెండింటికో మడత. అంగుళానికి పది కుట్లు పెట్టుకుంటే 6 మీద సుమారు 15 మిల్లీమీటర్లకో మడత, 12 మీద 30కి. నక్షత్రం దగ్గర రఫ్లరు ఊరుకుంటుంది, మామూలు కుట్టు పడుతుంది. మొదట్లో ఆ నక్షత్రం ఎందుకో అర్థం కాలేదు, తర్వాత తెలిసింది. ఐదు మడతలు వేసి, నక్షత్రానికి మార్చి రెండంగుళాలు సాదాగా కుట్టి, మళ్ళీ ఐదు మడతలు. పిల్లల గౌనుకి గుత్తులు గుత్తులుగా మడతలొస్తాయి, దేన్నీ విప్పి బిగించే పని లేదు. విజయనగరం పైడితల్లి సిరిమాను పండగ ముందు గౌన్లు కుట్టేవాళ్ళకి దీని విలువ చెప్పక్కర్లేదు.

బిగించేటప్పుడు సూదిని పూర్తిగా పైకి తేవాలి. రఫ్లరు చీలిక చెయ్యి సూది బిగించే స్క్రూకి రెండు వైపులా కూర్చోవాలి. ఆ తర్వాతే ఫుట్ స్క్రూ బిగించాలి. చక్రాన్ని చేత్తో ఒక చుట్టు తిప్పి, సూది కన్నం మధ్యలో దిగుతోందో లేదో చూడకుండా తొక్కితే సూది పోతుంది. కుచ్చు పెట్టే పట్టీ రెండు నీలం రేకుల మధ్య నుంచి వెళ్ళాలి. పై రేకుకి పళ్ళుంటాయి, కింది రేకుకి ఉండవు. లంగా గుడ్డ కింది రేకుకి కూడా కిందనుంచి పోవాలి. రెండు గుడ్డల మంచి వైపులూ ఎదురెదురుగా ఉండాలి. రెండూ రేకుల మధ్యే దూర్చేస్తే రెండూ కలిసి ముడుచుకుంటాయి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఎప్పుడూ ఇదే.

గుడ్డ ఎంత పడుతుందో మాత్రం ప్రతిసారీ చూసుకోవాల్సిందే. కుట్టబోయే గుడ్డలోనే పది అంగుళాల ముక్క తీసుకుని కుట్టి చూడండి, అదే అడ్డం, అదే ఇస్త్రీ. కుట్టాక నాలుగంగుళాలైతే రెండున్నర రెట్లు. 90 అంగుళాల లంగా అంచుకి 225 అంగుళాలు, అంటే ఆరుంపావు గజాలు. 44 అంగుళాల పన్నా గుడ్డలో అడ్డంగా కోస్తే ఐదు పట్టీలకి 220 అంగుళాలే వస్తాయి, అతుకుల్లో ఇంకొంత పోతుంది, కాబట్టి ఆరో పట్టీ తప్పదు. అతుకుల్ని విడదీసి ఇస్త్రీ చెయ్యకపోతే మందం దగ్గర రేకు తడబడి అక్కడొక మడత మింగేస్తుంది. కుట్టు పొడవు పెంచినా కుచ్చు పల్చబడుతుంది. మడత లోతు మార్చే పక్క స్క్రూ ఒక్కటే కుచ్చు ఒత్తుని మారుస్తుందనుకుంటే పొరపాటు.

ఇక మూడో ఏడు వానల్లో వచ్చిన గొడవ. 6 మీద పెడితే ఒక మడత ఆరుకి, తర్వాతది ఎనిమిదికి, ఆపైది ఏడుకి. దారం టెన్షన్ చూడమనేవాళ్ళు ఒకరు, సూది మార్చమనేవాళ్ళు ఒకరు. వీటికీ మడతల లెక్కకీ ఏటి సంబంధం? లోపల ఒక పళ్ళచక్రం ఉంటుంది, సూది ఆడినప్పుడల్లా ఒక్కో పన్ను జరుగుతుంది. దాన్ని తోసే కొక్కేనికి సన్న స్ప్రింగు. పాత నూనె ఎండి బంకయ్యాక కొక్కెం సమయానికి పన్నులో పడదు, చక్రం జరగాల్సినప్పుడు జరగదు. మన సముద్రపు గాలికి తుప్పు కూడా తోడైంది.

దీనికి పరీక్ష తేలిక. గుడ్డ, దారం రెండూ తీసేసి, మీట 6 మీద పెట్టి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ రేకు ఎన్నో చుట్టుకి కదులుతోందో ఒక అరవై చుట్లు లెక్కపెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడే లెక్క తప్పితే లోపల బంక. ఖాళీగా సరిగ్గా ఆరుకే కదిలి, గుడ్డ పెట్టాక తప్పితే రేకు పళ్ళు అరిగాయి, లేదా చీలిక చెయ్యి దగ్గర ఆట, అంటే వదులు, వచ్చింది.

బంకకి మందు కిరసనాయిలు. రాత్రంతా మునిగేలా నానబెట్టి, పొద్దున్న పాత టూత్‌బ్రష్‌తో తోమి, మీటని నాలుగు గాట్లకీ తిప్పుతూ మళ్ళీ ముంచాలి. నల్లటి మడ్డి దిగడం కంటికి కనిపిస్తుంది. రివెట్లు ఊడదీయకండి, తిరిగి కూర్చోవు. బాగా తుడిచి, కీళ్ళ దగ్గర ఒక్కో చుక్క మిషను నూనె. చిత్తు గుడ్డ మీద గజం కుట్టి, మరక పడట్లేదని చూశాకే అసలు గుడ్డ. నీలం రేకుల్ని ఉప్పుకాగితంతో రుద్దితే అంచు గరుకై పట్టుదారాలు లాగేస్తుంది.

చెయ్యి దగ్గర ఆటకి చిట్కా: సూది స్క్రూ మీద సైకిల్ వాల్వు ట్యూబు చిన్న ముక్క తొడగడం. టకటక శబ్దం కూడా తగ్గుతుంది. రబ్బరు అరుగుతుంది, చూసుకుని మార్చాలి. దీని తర్వాత మడతలు ఆరుకే పడుతున్నాయి, అయితే నెలకోసారి తుడిస్తేనే. ఇప్పుడది నూనె గుడ్డలో చుట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే పొట్లం ఒకటి పక్కన పెట్టుకుని ఉంటోంది.

గుడ్డని బట్టి కూడా నా మెప్పు మారింది. పాప్లిన్ మీద రాజు. పొందూరు సన్న ఖద్దరు మీద పై రేకు పళ్ళు పోగులు లాగుతాయి. గంజి పెట్టి, బాగా ఆరాక ఇస్త్రీ చేస్తే నడుస్తుంది. జార్జెట్‌కి మాత్రం నాకు దీని మీద నమ్మకం లేదు, రెండు వరసలు పొడుగు కుట్లు వేసి చేత్తో లాక్కోవడమే నయం.

డబ్బాలో మిగతావాటిలో 36865, ఎడ్జ్ స్టిచర్, లేసు అతకడానికి బాగుంది. పైపింగు వేసే బైండరుకి మడవని క్రాసు (ఏటవాలుగా కోసిన) పట్టీ అంగుళానికి పదహారో వంతు తక్కువగా కోస్తేనే సాఫీగా పోతుంది. అంత కొలతగా క్రాసు కోసే ఓపిక ఉంటే చేత్తోనే వేసేయొచ్చు.

నెలకి రెండు గౌన్లు కుట్టే ఇంట్లో రఫ్లరు అవసరం పడదు, దాన్ని శుభ్రం చేసే టైములో కుచ్చు పెట్టడం అయిపోతుంది. మోటారు బిగించిన మిషనైతే నెమ్మదిగా తొక్కాలి, స్పీడు పెరిగితే కొక్కెం పళ్ళని దాటేస్తుంది. నాది లో షాంక్, కాలి మిషను, కుట్టేది ఎక్కువగా పాప్లిన్ లంగాలు, కాబట్టి నాకు కుదిరింది. కొనేముందు మీట నాలుగు గాట్లలోనూ ఆగుతోందో లేదో కొట్టులోనే తిప్పి చూడండి. నక్షత్రం దగ్గర నిలవకుండా జారిపోయేదైతే ఎంత చవకైనా వదిలెయ్యండి.