మైన్‌కు పోయిన ఆస్ప్రే, సొంతవాళ్లే ముంచిన బ్రిటోమార్ట్

రెండూ మైన్‌స్వీపర్లే, అంటే మిగతా ఓడల కంటే ముందెళ్లి సముద్రంలో శత్రువులు పెట్టిన మైన్లు (నీటిలో పేలే మందుపాతరలు) ఏరేవి. రెండూ రెండో ప్రపంచయుద్ధంలో, 1944లో, ఇంగ్లండ్‌కీ ఫ్రాన్స్‌కీ మధ్యనున్న ఇంగ్లిష్ చానెల్‌లోనే మునిగాయి. అమెరికా ఓడ ఆస్ప్రే జూన్ 5 సాయంత్రం, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరం మీద మిత్రదేశాల దాడికి దారి చేస్తూ మైన్‌కు తగిలి పోయింది, ఆరుగురు చనిపోయారు. ఆ పనిలో అది అనుకున్న ప్రమాదమే.

బ్రిటిష్ ఓడ బ్రిటోమార్ట్ సంగతి వేరు. ఆగస్టు 27న ఫ్రాన్స్ రేవు ల హావ్ర్ దగ్గర, పట్టపగలు తన పని తాను చేసుకుంటుంటే, శత్రువులనుకుని బ్రిటిష్ టైఫూన్ విమానాలే రాకెట్లు కొట్టాయి. ఓడల ప్లాన్ మారిన కబురు చేరాల్సిన చోటికి చేరలేదు, పైలట్లకు అనుమానమొచ్చి మళ్లీ అడిగినా కొట్టమనే చెప్పారు! పక్కనున్న మరో మైన్‌స్వీపర్ హుజార్ కూడా మునిగింది, ఇంకో మైన్‌స్వీపర్ సాలమాండర్ దెబ్బతిని మళ్లీ పనికి రాలేదు, మొత్తం వందమందికి పైగా పోయారు. నాకైతే రెండోదే ఎక్కువ కడుపు మండిస్తుంది.